ఎడమపక్క వైరు

నల్లగొండలో మేం కిరాయికున్న ఇంటి ముందుగదిలో రెండు స్పీకర్లు ఉండేవి. కుడిపక్కది నిండుగా మోగేది. ఎడమపక్కది జలుబు చేసిన మనిషిలా మోగేది. ఈ ఒక్క సంగతి పట్టుకుని తొంభైల మొదట్లో ఏడాదికి పైగా నేను ఏ పనీ తిన్నగా చేయలేదు, ఇంట్లోవాళ్లను చేయనివ్వలేదు. తప్పు వైరుదేనని నా నమ్మకం. ఏ వైరుది, ఎక్కడ, ఎందుకు అన్నది మాత్రం ఎంతకీ తేలేది కాదు.

మా నాయిన వచ్చేలోపు ఆ ఎడమపక్కను బాగుచేయాలి. నా తొందరంతా దానికోసమే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది పోచంపల్లి. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. అమ్మ పట్టుపోగు పోసి చుట్టేది. నాయిన ఆ పోగుకు ముడులు కట్టి, రంగులద్ది, చీర నేసేవాడు. మా నేతలో బొమ్మ మగ్గమెక్కకముందే పోగు మీద ఉంటుంది. రంగు గుర్తు రవ్వంత అటూ ఇటూ జరిగితే బొమ్మ చెదిరిపోతుంది. నన్ను పన్నెండో ఏట గుంటలో కూచోబెట్టారు. నేను నేసిన చిలకకు తలొక దారి, తోకొక దారి. నాయిన మూడేళ్లు ఓపిక పట్టాడు. చిలక చిలక కాలేదు. చివరికొక రోజు అమ్మతో అన్నాడు, "వీనికి చెయ్యి రాలే. పోనీ, చెవన్న వచ్చింది."

చెవి రావడమంటే, పక్కగదిలో మగ్గం చప్పుడు విని, పోగు తెగిందని నేసేవాళ్ల కంటే ముందే చెప్పేసేవాణ్ణి. అడ్డపోగు మోసుకుపోయే నాడె దారిలో కాస్త తడబడినా నాకు తెలిసిపోయేది. మా నాయిన మనిషిని మెచ్చుకోవడమంటే ఎండాకాలంలో వాన పడటం. ఆయన నోటినుంచి నాకు దక్కిన మెప్పు అదొక్కటే. దాన్ని పట్టుకునే నేను బతికాను.

చదువుకుని టెలిఫోన్ ఆపరేటరునయ్యాను. అప్పుడు ఊరికీ ఊరికీ మాట కలపాలంటే మావంటి వాళ్లం బోర్డు ముందు కూచుని వైరు తీసి వైరు పెట్టాల్సిందే. మొదట రామన్నపేటలో, తర్వాత నల్లగొండలో చేశాను. వానాకాలంలో లైనంతా గరగరమంటుంటే, మా దిక్కునుంచి బొంబాయి పనులకు పోయిన కొడుకు ఊళ్లోని తల్లికి ఏం చెబుతున్నాడో ఆమెకు వినపడేది కాదు. నేను మధ్యలో దూరి, "నీ కొడుకు పైసలు పంపిండంట అవ్వా, జరం తగ్గిందంట" అని అందించేవాణ్ణి. నాయిన ఊళ్లో ఎవరడిగినా, "మావోడు చెవితోని బతుకుతుండు" అనేవాడట. నాతో మాత్రం ఎప్పుడూ అనలేదు. బస్సులో కలిసిన ఊరివాళ్లు చెబితే తెలిసింది.

అలాంటి రోజుల్లో బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు తన రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు, రెండు అట్టపెట్టెల నిండా రికార్డులు అమ్మకానికి పెట్టాడు. జనమంతా క్యాసెట్ల వెంటపడిన కాలం. రికార్డులు అడిగే నాథుడు లేడు. నేను కొన్నాను. టెంపోలో సామాను దిగుతుంటే నా భార్య గుమ్మంలో నిలబడి చూసి, "మనం యాడ పండాలె మరి?" అంది. న్యాయమైన ప్రశ్నే. గది చిన్నది, స్పీకర్లు నడుమెత్తు ఉన్నాయి.

ఆ సంగతి పోచంపల్లికి చేరింది. నాయిన కబురు పంపాడు, చేతిలో ఉన్న చీర మగ్గం దిగంగనే వస్తానని, నా చెవి ఏం సంపాదించిందో ఒకసారి వింటానని. ఆయన చీర దిగడానికి ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలుసు. ఆ చీర తర్వాత ఇంకో చీర, ఆ తర్వాత ఒక పెళ్లి ఒప్పందం అడ్డుపడి ఆయన రాక ఏడాది దాకా జరిగిందిగానీ, రేపో ఎల్లుండో దిగుతాడన్న భయం నాకు రోజూ ఉండేది.

మొదట్లో తేడా ఎడమపక్క కాదు. రెండు స్పీకర్లలోనూ గుయ్‌మని మోత. మా వీధి చివర పెళ్లిళ్లకూ దర్గా ఉర్సులకూ మైకులు కిరాయికిచ్చే పెద్దాయన ఉండేవాడు. అందరికీ చాచా. ఆయన్ను పిలుచుకొచ్చాను. ప్లేయరు వెనక చెయ్యి పెట్టి తడిమి, జేబులోంచి బెత్తెడు సన్న వైరు తీసి, దాని వెనక నుంచి ఆంప్లిఫయరు వెనక్కి తగిలించాడు. మోత కోసినట్టు ఆగిపోయింది. అంతే, నాకు వైర్ల మీద భక్తి కుదిరింది. బెత్తెడు వైరు ఇంత పని చేస్తే మంచి వైరు ఇంకెంత చేస్తుందోనన్న పురుగు ఆ క్షణమే దూరింది. మోత పోయి నిశ్శబ్దమయ్యాకే ఎడమపక్క నీరసంగా ఉన్నట్టు నాకు తెలిసింది.

"చాచా, ఎడమ దిక్కు గజ్జెలు ఇనొస్తలేవు" అన్నాను. నాట్యం రికార్డొకటి పెట్టాను, గజ్జెల కోసమే.

ఆయన రెండు చేతులూ నడుముకు పెట్టుకుని విన్నాడు. "ఇనొస్తున్నయ్ గద సాబ్."

"ఇనొస్తున్నయ్ గని సన్నగ లేవా?"

ఆయన నన్ను చూశాడు, స్పీకరును చూశాడు. పెద్దమనుషుల ఇళ్లలో పనిచేసే ఎవరికైనా వచ్చే అనుమానం ఆయనకూ వచ్చి ఉంటుంది, కాదంటే బాగుండదేమోనని. "ఉన్నయేమో" అన్నాడు. ఎడమ వైరు కుడికి, కుడి వైరు ఎడమకు మార్చాడు. ఎడమపక్క సన్నగానే ఉంది. స్పీకర్లనే అటుది ఇటు మోశాం. కుడిపక్క అంత నిండుగా మోగిన పెట్టె ఎడమకు రాగానే దానికీ జలుబు చేసింది. ఇద్దరం చెమటతో తడిసి చాపమీద కూలబడ్డాం.

"మకాన్‌ల గడ్‌బడ్ ఉంటది" అని తప్పును ఇంటిమీదికి తోశాడు చాచా. "ఆ కిటికీ దిక్కు ఆవాజ్ బయటికి పోతుందేమో." కిటికీ మూసి విన్నాను. దుప్పటి కట్టి విన్నాను. లాభం లేదు. వైరు సంగతి ఎత్తితే ఆయన నవ్వేశాడు. "వైరంటే నల్లా పైపు లెక్క సాబ్. నీళ్లొస్తే అయిపాయె. వెండి పైపుల వస్తే నీళ్లు తియ్యగైతయా?"

మాట బాగానే ఉంది. కానీ ఆయనే కదా బెత్తెడు వైరుతో మోత ఆపింది. పైపులాంటిదే అయితే అదెలా ఆగింది? అడిగితే అది వేరే అన్నాడు. ఎట్లా వేరో చెప్పమంటే పెళ్లి బేరం ఉందని లేచిపోయాడు.

హైదరాబాదుకు బస్సెక్కాను. కోఠి దగ్గర ఒక మేడమీద ఇలాంటి సామానే అమ్మే దుకాణం ఉందని ఎవరో చెప్పారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. అద్దాల పెట్టెల్లో మఖమలు గుడ్డ మీద వైర్లు పడుకుని ఉన్నాయి. కొన్ని చిటికెనవేలంత లావు, కొన్ని జడలాగా అల్లినవి. కొట్టాయన కోస్తావైపు మనిషి, నెమ్మదైనవాడు. నాడి చూసే వైద్యుడిలా, "ఏం తక్కువైనట్టుంది సార్ మీకు?" అని అడిగాడు. చెప్పాను. రాగిలో ఆక్సిజన్ ఉంటే ధ్వని మసకబారుతుందన్నాడు. ఆక్సిజన్ తీసేసిన రాగి ఒకటి ఉందన్నాడు. దానికంటే పైన రాగిమీద వెండిపూత పూసింది, దానికంటే పైన అచ్చంగా వెండిదే ఉన్నాయన్నాడు. గాలిలో ఉండాల్సిన ఆక్సిజన్ రాగిలోకెందుకు పోయిందో నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను.

కుర్చీలో కూచోబెట్టి తన సెట్టు మీద ఒక వయొలిన్ రికార్డు వినిపించాడు. నేను శ్రద్ధగా విన్నాను. అక్కడా ఎడమపక్క సన్నగానే ఉంది. ఇంత ఖరీదైన వైర్ల కొట్టులో ఎడమ వైరే పాడైపోయిందే, ఈయనకు తెలియనే తెలియదే అని నాలో నేను నవ్వుకున్నాను. కొట్టాయన మీద గౌరవం కొంచెం తగ్గింది, నా చెవి మీద నాకు గౌరవం కొంచెం పెరిగింది. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్లు కుంచించుకుపోతుంది.

వెండిపూత వైరు కొన్నాను. దానిమీద బాణం గుర్తులున్నాయి. పాట బాణం వెంట పోవాలట, ఎదురు పోకూడదట. కొత్త వైరు నూరు గంటలు మోగితేగానీ తన గుణం చూపదట. నేల మీద ఆనకూడదట. ఇవన్నీ కాగితం మీద రాసుకొచ్చాను. మా ఇంట్లో ఖాళీ కండెలు, అంటే నూలు చుట్టే చిన్న గొట్టాలు, పోచంపల్లినుంచి తెచ్చినవి కొన్ని ఉంటే వాటిని గదంతా నిలబెట్టి, వాటిమీదుగా వైరు నడిపించాను. చూసినవాళ్లు పిల్లల ఆట అనుకునేవాళ్లు. నా భార్య ఊడ్చేటప్పుడు కండెకూ కండెకూ మధ్యన చీపురు దూర్చి ఊడ్చేది. ఒక్కటి పడితే నేను ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.

నూరు గంటలు మోగించడానికి టేపు రికార్డరు తెచ్చి తగిలించాను. నేను డ్యూటీలో ఉంటే క్యాసెట్టు ఒకవైపు అయిపోగానే ఆమె వంటింట్లోంచి వచ్చి రెండోవైపు తిప్పి పోయేది. ఆ పక్షం రోజులు పక్కింటివాళ్లు మాతో సరిగా మాట్లాడలేదు.

నూరు గంటలయ్యాయి. కుడిపక్క ఇంకా బాగుపడింది, లేదా బాగుపడినట్టు అనిపించింది. ఎడమపక్క ఎక్కడిదక్కడే. బాణాలు తిప్పి చూశాను. కండెలు తీసి చూశాను. మళ్లీ పెట్టి చూశాను. కొన్ని రోజులు పొద్దుగాల కొంచెం నయమనిపించేది, సాయంత్రానికి మళ్లీ మొదటికొచ్చేది. వాన పడితే ఒక తీరు, ఎండ కాస్తే ఒక తీరు. ఆమెను కుర్చీలో కూచోబెట్టి, "నిజం చెప్పు, ఎడమ దిక్కు ఎట్లుంది?" అని అడిగేవాణ్ణి.

"నాకు రెండు దిక్కుల ఒక్క తీర్గనే ఇనొస్తుంది."

"మంచిగ విను."

"వింటున్న. ఒక్క తీర్గనే ఉంది. మీకెట్ల ఇనొస్తుందో నాకేం తెలుస్తది?"

ఆమెకు చెవి లేదనుకున్నాను. అంతటితో ఆగక పైకి కూడా అన్నాను. ఆమె లేచి వెళ్లింది. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు నేను మళ్లీ కోఠికి పోయి ఇంకా లావు వైరు తెచ్చాను. తర్వాత జడవైరు తెచ్చాను. ఒకాయన వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదన్నాడు. ఇంకొకాయన రెండూ సమానంగా ఉండాలిగానీ పొడుగెంతైనా ఫరవాలేదన్నాడు. ఎవరి మాట విన్నా అదే సరైందనిపించేది. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెడితే తలకాయ తిరిగేది. ఆఫీసులో కూడా ఆ ఏడాది అవతలివాళ్లను "మళ్లీ చెప్పండి" అని అడగడం ఎక్కువైంది. హెడ్‌ఫోను ఎడమ చెవికి పెట్టుకుని కుడిచేత్తో రాసుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు. లైన్లలో ఏదో లోపమనుకున్నాను. లోకంలో ఉన్న వైర్లన్నీ ఒక్కసారే పాడైపోయినట్టుండేది నాకు.

అలా ఉండగా నాయిన వచ్చాడు. ముందు కబురు లేదు. పొద్దున బస్సు దిగి, సంచి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి చాపమీద కూచుని నా వెండిపూత వైరు కొస ఒళ్లో పెట్టుకున్నాడు. పైతొడుగు వలిచి, లోపలి తీగను బ్లేడుతో గీకుతున్నాడు. అప్పటికే బొటనవేలంత ముక్క కోసి పక్కన పెట్టాడు.

"నాయినా! ఏం జేస్తున్నవ్?" అని నేనరిచిన అరుపుకు వంటింట్లోంచి నా భార్య పరుగెత్తుకొచ్చింది.

నాయిన తలెత్తలేదు. "నిన్ను మోసం జేసిండ్రు. ఇది అసలు జరీ కాదు" అన్నాడు.

చీర అంచులకు జరీ కొనేటప్పుడు ఆయన చేసే పరీక్ష అది. అసలు జరీ అయితే గీకితే లోపల వెండి కనపడాలి. నకిలీదైతే ఎర్రగా రాగి బయటపడుతుంది. నలభై ఏళ్లుగా ఏ వ్యాపారీ ఆయన బ్లేడును తప్పించుకోలేదు. తెల్లగా మెరిసే తీగ కొడుకింట్లో కనపడేసరికి చెయ్యి ఊరుకోలేదు. గీకిన చోట ఎర్రటి రాగి నవ్వుతోంది.

"అది రాగే నాయినా. రాగి అని చెప్పే అమ్మిండు. మీద వెండిపూత. పాట మంచిగొస్తదని" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"చెప్పే అమ్మిండా?" ఆయన నమ్మలేకపోయాడు. "నకిలీదని చెప్పి అమ్మితే నువ్వు కొన్నవా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి తిరిగి పోయింది. నేను మిగిలిన వైరును మళ్లీ వలిచి, మెలేసి, సెట్టుకు తగిలించాను. ఎదురుచూసిన రోజు ఇలా మొదలవుతుందని ఎవరనుకుంటారు? ఎడమపక్క బాగుకాలేదు, వైరు తెగిపోయింది, ఆయన నన్ను వెర్రివాడి కింద జమకట్టేశాడు.

సన్నాయి రికార్డు పెట్టాను. నాయినను నా కుర్చీలో కూచోబెట్టి నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన కళ్లు మూసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, మొత్తం ఒక పక్క అయిపోయేదాకా విన్నాడు. ముల్లు మధ్యకొచ్చి గరగరమంటుంటే కళ్లు తెరిచాడు.

"మంచిగుంది" అన్నాడు.

నేను ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన మాట. సంతోషించాల్సింది పోయి, "ఎడమ దిక్కు సన్నగ లేదా?" అన్నాను.

"ఎడమ దిక్కు ఏమైంది? నిండుగనే ఉన్నది."

"లేదు నాయినా, సన్నగుంది. ఏడాది సంది దీనితోనే సస్తున్న." మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. వైర్లు మార్చడం, స్పీకర్లు మోయడం, కిటికీకి దుప్పటి, బాణాలు, నూరు గంటలు. నూరు గంటల దగ్గర ఆయన తలూపాడు, కొత్త నూలు గంజి తాగాలి కదా అన్నట్టు.

"వైర్లు తిప్పినవ్. డబ్బాలు తిప్పినవ్" అన్నాడు. "నువ్వు తిరిగినవా?"

నాకు అర్థం కాలేదు. ఆయన విసుక్కున్నాడు. "బట్టల తేడా కనవడితె ఏం జేస్తం? ముందుగాల బట్టను తిప్పుతం. తేడా బట్టతోని పోలేదంటే మనం అటుదిక్కుకు పోయి నిలవడి సూస్తం. వెలుతురుదో, మన కంటిదో తెలుస్తది. ఆ తర్వాతనే మగ్గాన్ని తిట్టాలె. మూడేండ్లు గుంటల కూసున్నవ్ గద, గింతన్న రాలే?"

కుర్చీ పట్టి గుంజి, స్పీకర్లకు వీపు పెట్టి వేశాడు. నన్ను కూచోమన్నాడు. రికార్డు మళ్లీ మొదటినుంచి పెట్టించాడు.

ఏడాదిగా మూలుగుతున్న కిటికీ పక్క స్పీకరు నిండుగా, గలగలా మోగింది. తలుపు పక్కది, ఎప్పుడూ ఏ తప్పూ ఎరగనిది, జలుబు చేసినట్టు మోగింది. నేను లేచి మళ్లీ ముందుకు తిరిగి కూచున్నాను. కిటికీ పక్కది మసకబారింది. వెనక్కి తిరిగాను. తలుపు పక్కది మసకబారింది. ఇలా ఎన్నిసార్లు తిరిగానో. అప్పటికీ ఇది వైరుకు సంబంధించిన విచిత్రమేదోనని, కొట్టాయనను అడగాలని అనుకుంటున్నానంటే నా బుర్ర ఎంత గట్టిదో చూడండి.

నాయిన రికార్డు ఆపించాడు. చేతి గడియారం విప్పి నా కుడిచెవి దగ్గర పెట్టాడు. టిక్కుటిక్కు మంటోంది. ఎడమచెవి దగ్గర పెట్టాడు.

"ఆగిందా?" అని అడిగాను.

ఆయన గడియారాన్ని నా కళ్లముందుకు తెచ్చి పట్టుకున్నాడు. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది.

ఆడలేక మద్దెల ఓడన్న సామెతను నేను ఎన్నోసార్లు ఎవరెవరినో అన్నాను. అది నా మెడకే చుట్టుకుంటుందని అనుకోలేదు. తర్వాతి నెల దవాఖానలో డాక్టరు కూడా గడియారం చెప్పిందే చెప్పాడు. ఎందుకు పోయిందంటే ఆయనకూ తెలియదు. చిన్నప్పటి జ్వరమో, ఇంకేదో. తిరిగి రాదని మాత్రం తెలుసన్నాడు. కానీ ఆ పొద్దు నాకు డాక్టరు అక్కర్లేకపోయింది. కుర్చీలో అలాగే కూచున్నాను. నాకు భయమేసింది. భయం కంటే ఎక్కువ సిగ్గేసింది, అదీ మా నాయిన ముందు.

"చెయ్యి రానే రాకపాయె" అన్నాను. "ఇప్పుడు చెవి గూడ పాయె. ఇంక నా దగ్గర ఏమున్నది నాయినా?"

ఆయన నా ఎదురుగా చాపమీద కూచున్నాడు. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. అంత తగ్గిస్తే నాకు సగం వినపడలేదు. అది గ్రహించి, జరిగి నా కుడి మోకాలి దగ్గరకొచ్చాడు.

"నా కండ్లు మసకబట్టి పదేండ్లాయె" అన్నాడు. "అద్దాలు పెట్టినా సన్నపోగు మీద గుర్తు ఆనది. మీ అమ్మ పక్కన కూసోని పోగు జరిపి, 'ఆఁ, కొట్టు' అంటది. నేను కొడుత. గంతే."

నేను నోరు తెరుచుకుని చూశాను. అంతకుముందు ఏడెనిమిదేళ్లలో ఆయన నేసిన చీరల గురించి ఊరంతా చెప్పుకుంది. బొమ్మ అంచు కత్తితో కోసినట్టుందని చూడ్డానికి పక్క వాడకట్టునుంచి వచ్చేవాళ్లు. నేను కూడా సెలవులకు పోయినప్పుడు అమ్మ ఆయన పక్కన కూచుని ఉండటం చూశాను. ఊసుపోక కూచుందనుకున్నాను.

"ఊర్ల ఎవలకన్న ఎర్కనా?"

"ఎవలకెందుకు ఎర్క గావాలె? ఇంట్ల ఎర్కుంటె సాలదా?" లేచి పంచె దులుపుకున్నాడు. "ఫోన్ రేపటి సంది కుడిచెవికి పెట్టుకో. ఇంట్ల మాత్రం చెప్పు. దాయకు. నేను మొదట రెండేండ్లు దాసిన. గా రెండేండ్ల చీరెలు సూస్తే ఇప్పటికి నాకు సిగ్గయితది." చాయ తాగొస్తానని సంచి అక్కడే వదిలి వీధిలోకి పోయాడు. ఇంట్లో చాయ కాగుతుండగానే పోయాడు.

నేను వంటింట్లోకి పోయాను. నా భార్య గడప దగ్గర చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూచున్నాను. పోయినసారి చెవుల గురించి నేనామెతో అన్న మాట గుర్తొచ్చింది. చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టి అన్నాను.

"నా ఎడమచెవి వినొస్తలేదు."

ఆమె చేయి చేటలో ఆగింది. "అవ్" అంది. నేను చెప్పింది బియ్యంలో రాళ్లున్నాయన్నంత మామూలు సంగతైనట్టు.

"నీకెర్కనా?"

"ఎర్కనే. రెండేండ్ల సంది మీ కుడి దిక్కుకు వచ్చే మాట్లాడుతున్న గద. అటుదిక్కు నిలవడి పిలిస్తే పలుకరు. మొదట కోపమొచ్చింది, తర్వాత సమజైంది."

"మరి చెప్పలేదేం?"

ఈసారి ఆమె నిజంగానే అయోమయపడింది. నా మొహంలోకి చూసింది, ముందుగదిలో కండెల మీద సాగిన వైర్లకేసి చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"మీకెర్కలేదా?" అంది. "మరి గా వైర్లన్ని ఎందుకు తెచ్చిండ్రు? కండ్లు ఆనకపోతే అద్దాలు తెచ్చుకున్నట్టు, చెవి కోసమే తెస్తున్నరనుకున్న నేను. ఎడమ దిక్కు, ఎడమ దిక్కు అంటుంటిరి గద. పైకి చెప్పుకోనీకి సిగ్గయితుందేమో, అడిగి బాధ పెట్టుడెందుకని ఊకున్న."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. రెండూ వచ్చాయి. ఆమె చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, నాకు కుడివైపుకు జరిగి కూచుంది. తర్వాత మెల్లగా, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"వీటికంటె మంచి వైరు దొరుకుతదా మరి?"

దొరకదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.